చీటీ మీద రాసిచ్చిన మాట

2006 వేసవిలో, హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న డీటీపీ సెంటర్లో నా థీసిస్ మూడో అధ్యాయం టైపు చేయిస్తున్నాను. నాది గొలుసుకట్టు రాత. ఒక పద్యం మధ్యలో ఆగిపోయి, టైపు చేసే అబ్బాయి తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే అడిగాడు: "మేడం, గిక్కడేమున్నది?" వంగి చూశాను. స్త్రీ శరీరంలో ఒక భాగం పేరు. సంస్కృతం మాట. నిఘంటువులో ఉన్న మాట. నా వెనకాల జిరాక్సు కోసం కాయితాలు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన మా అబ్బాయికి బళ్ళో లెక్కలు చెప్పే సారు. నేను గొంతు సవరించుకున్నాను. మంచినీళ్ళడిగాను. చివరికి బ్యాగులోంచి ఒక చీటీ తీసి, ఆ మాట రాసి, అతని ముందు పెట్టాను. అతను చీటీ చూసి, ఆ మాట కొట్టి, తర్వాతి పాదానికి వెళ్ళిపోయాడు. ఒత్తు ఎక్కడుందో తెలిస్తే అతనికి చాలు.

అప్పటికి ఆ కావ్యంతో నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్నాను. స్త్రీవాద సభల్లో మాట్లాడేదాన్ని. పైట గురించీ ప్రసవం గురించీ మన కవయిత్రులు రాసిన కవితలు డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ఆ కవితల్ని 'నీలి' అని తిట్టినవాళ్ళతో గొంతు పోయేలా వాదించినదాన్ని. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం నా టేబుల్ మీద ఎప్పుడూ ఉండేది. అలాంటి నేను ఒక మాటని చీటీ మీద రాసిచ్చి ఇంటికొచ్చాను.

ఆ చీటీ గురించి థీసిస్‌లో ఎక్కడా రాయలేదు. పరిశోధకురాలి సిగ్గుకి ఏ అధ్యాయంలోనూ చోటు ఉండదు. ఆ చోటు లేకపోవడం వల్ల నా పరిశోధనలో ఏం తప్పు జరిగిందో ఇన్నేళ్ళ తర్వాత చెప్పాలనిపించింది.

*

నేను ఎంచుకున్నవి రెండు పుస్తకాలు. ఒకటి క్రీడాభిరామం. రెండోది ముద్దుపళని రాధికాసాంత్వనం. నేను రిజిస్టర్ చేసుకున్న యూనివర్సిటీ వేరే ఊళ్ళో ఉన్నా, ఇల్లూ ఉద్యోగమూ హన్మకొండలోనే.

వరంగల్లో తెలుగు చదువుకున్నవాళ్ళకి క్రీడాభిరామం ఇంటి పుస్తకం లాంటిది. వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉన్న వీథి నాటకం. శ్రీనాథుడిదే అని వాదించినవాళ్ళూ ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం దీనికి మూలం. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. గుళ్ళు, పూటకూటి ఇల్లు, కోడిపందెం, వీరగాథ పాడే ఆడమనిషి, ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచల్దేవి ఇంట్లో చిత్రశాల. వీటన్నిటి మధ్యా దారిలో కనిపించిన ఆడవాళ్ళని చూస్తారు, చూసినదాన్ని చూసినట్టు వర్ణిస్తారు.

ఈ పుస్తకంలో బూతు ఉందని ముఖం చిట్లించిన పండితులు లేకపోలేదు. అయినా దీని దారి దీనికి దొరికింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెచ్చినప్పుడు కాకతీయుల కాలం తిండీ బట్టా ఆటపాటలూ చెప్పడానికి దీన్ని విరివిగా వాడుకున్నారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చి, ప్రేమికుడికి వరంగల్ దారి చూపే పుస్తకం అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఇద్దరు మగవాళ్ళ చూపు అలా మా ఊరి చరిత్ర అయింది.

నేనూ ఆ పుస్తకం పట్టుకుని కోట దాకా వెళ్ళాను. కీర్తితోరణాల దగ్గర కూర్చుని చదివాను. ఊరు ముచ్చటగా ఉంది, పద్యం నడక హాయిగా ఉంది. కానీ చదువుతున్న నేను ఎక్కడున్నాను? ఆ ఇద్దరితో కలిసి నడుస్తున్నానా, వాళ్ళకి ఎదురుగా వస్తున్నానా? మంచనశర్మ నిలబడి చూసే చోట నేను నిలబడలేను. ఆరోజు కోటలో ఒక్కదాన్నీ కూర్చుంటే ఇద్దరు కుర్రాళ్ళు మూడుసార్లు నా ముందు నుంచి నడిచారు. పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకున్నాను. ఏం చదువుతున్నావని వాళ్ళు అడుగుతారేమోనని భయం.

ఇంట్లో కూడా అంతే. రెండు పుస్తకాలకీ పాత క్యాలెండర్ కాయితం అట్టలు వేశాను. మా మామగారు అడిగితే "ప్రాచీన పద్యసాహిత్యం మీద" అన్నాను. అబద్ధం కాదు. మా అత్తమ్మ ఒకసారి దుమ్ము దులుపుతూ అట్ట విప్పి చూసింది. చదివినట్టే ఉంది. ఏమీ అనలేదు. మళ్ళీ అట్ట సరిగ్గా మడిచి పెట్టి, "పిల్లగానికి అందకుంట పైన వెట్టుకో" అంది. ఆమె సిగ్గుపడలేదు, నన్ను సిగ్గుపడనివ్వలేదు. ఆమె ముందు సిగ్గుపడింది నేనే.

*

ఒక సెమినార్లో క్రీడాభిరామం మీద పేపరు చదివాను. నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన అందులోంచి పద్యాలు కంఠతా, రాగం తీసి, చేత్తో తాళం వేస్తూ చదివారు. హాలంతా నవ్వులు, చప్పట్లు. తర్వాత నా వంతు. అవే పద్యాల గురించి నేను మాట్లాడాలి. ఒక్క పద్యం కూడా చదవలేదు. 'ఇరోటిక్' అన్నాను, 'ఫిమేల్ బాడీ' అన్నాను, 'మేల్ గేజ్' అన్నాను. తెలుగులో ఏమీ అనలేదు. భోజనాల దగ్గర ఒకాయన మెచ్చుకున్నారు. "చాలా డీసెంట్‌గా హ్యాండిల్ చేశావమ్మా."

ఆ మెచ్చుకోలు రాత్రంతా గుచ్చుకుంది. 'సెక్సువాలిటీ' అని నేను ఎంతమంది ముందైనా అనగలను. ఇంగ్లీషు మాట చేతికి తొడుక్కున్న గ్లౌజులాంటిది. తెలుగులో ఆ మాటలకి రెండే చోట్లు మిగిలాయి. ఒకటి తిట్టు, రెండు పద్యం. తిట్టు వీధిలో మగవాడిది, పద్యం సభలో మగవాడిది. నాకు మిగిలింది చీటీ.

మనలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. మన విమర్శ వ్యాసాల్లో శరీరం అన్న మాట వాక్యానికి ఒకటి చొప్పున కనిపిస్తుంది. ఆ శరీరానికి అవయవాలు ఉండవు.

*

రాధికాసాంత్వనం దగ్గరికి వస్తే కథ వేరు. 18వ శతాబ్దంలో తంజావూరు నేలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని ఉండేది. నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. రాధ ఇళాదేవిని చిన్నప్పటి నుంచి పెంచి, కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ తొలిరాత్రి బుద్ధులు చెప్పి గదిలోకి పంపుతుంది. పంపాక తట్టుకోలేకపోతుంది. కోపం, దుఃఖం, కోరిక అన్నీ కలిసి ఆమెని దహిస్తాయి. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెని బతిమాలి ఊరడించాలి. తెలుగు శృంగార కావ్యాల్లో నాయకుడు కోరతాడు, నాయిక సిగ్గుపడుతుంది. ఇక్కడ వయసులో పెద్దదైన స్త్రీ కోరుతుంది, కోరినట్టు చెబుతుంది, తనకి దక్కాల్సింది దక్కేదాకా ఊరుకోదు.

వీరేశలింగం తన కవుల చరిత్రలో ఈమె చదువునీ సంగీత సాహిత్య జ్ఞానాన్నీ కాదనలేదు. కానీ ఇలాంటి మాటలు ఆడది వినడానికే తగవనీ, ఆడదాని నోట రావడం మరీ దారుణమనీ తీర్పు చెప్పారు. ఆమె వేశ్య అన్నది కూడా ఆ తీర్పులో భాగమే. 1887లో, మళ్ళీ 1907లో ఈ కావ్యం అచ్చయింది. ఆ ప్రతుల్లో కొన్ని పద్యాలు లేవు. ముద్దుపళని తానెవరో, ఏ ఆడవాళ్ళ ఇంట పుట్టిందో చెప్పుకున్న పీఠిక కూడా లేదు.

ఆ లోటు గుర్తుపట్టింది బెంగుళూరు నాగరత్నమ్మ. తనూ దేవదాసీ ఇంట పుట్టినదే. రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం అచ్చువేయించింది. ముందుమాటలో ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. సిగ్గు ఆడవాళ్ళకే గానీ మగవాళ్ళకి లేదా అని. వేశ్య రాస్తే తప్పయింది, పెద్దమనుషులు రాసింది, మెచ్చింది ఎందుకు తప్పు కాలేదని. అంతకంటే ముఖ్యంగా, ఈ కావ్యం రాసింది ఒక స్త్రీ, అందులోనూ తమ కులంలో పుట్టిన స్త్రీ కాబట్టే అచ్చు వేస్తున్నానని చెప్పుకుంది. మరుసటి ఏడాది, 1911లో, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. నిషేధం 1947లో గానీ తొలగలేదు. టంగుటూరి ప్రకాశం చొరవ అందుకు కారణం. 1952లో వావిళ్ళవారే మళ్ళీ అచ్చువేశారు. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ ఏడే. సూసీ తారు, కె. లలిత 1991లో తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం ఈ కథతోనే మొదలవుతుంది. నా తరం వాళ్ళలో చాలామందికి ముద్దుపళని పేరు తెలిసింది అక్కడే.

ఉర్దూలో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' 1942లో అచ్చయి లాహోర్ కోర్టుకెక్కింది. ఆ కథలో ఇదిగో ఈ మాట బూతు అని సాక్షులు వేలు పెట్టి చూపించలేకపోయారు. ముద్దుపళని దగ్గర మాటలన్నీ బాహాటమే. మాట దాచినా నేరమే, దాచకపోయినా నేరమే. అంటే గొడవ మాట గురించి కాదు, ఆ మాట ఎవరి నోట వచ్చిందన్నదాని గురించి.

ఇంతవరకూ థీసిస్‌లో రాశాను. బాగానే రాశాను అనుకుంటాను. రాయనివి రెండున్నాయి.

*

మొదటిది కావ్యంలోనే ఉంది. ఇళాదేవి అప్పుడప్పుడే ఈడేరిన పిల్ల. ఆమె తొలిరాత్రి పద్యాలు చదువుతుంటే నాకు కలిగిన ఇబ్బంది డీటీపీ సెంటర్లో కలిగిన లాంటిది కాదు. అక్కడ నలుగురూ ఏమనుకుంటారోనని. ఇక్కడ చుట్టూ ఎవరూ లేరు, అర్ధరాత్రి, ఒక్కదాన్నే ఉన్నాను, అయినా పేజీ తిప్పలేకపోయాను. నేను పాఠం చెప్పే ఇంటర్ పిల్లలు గుర్తొచ్చారు. ఒకమ్మాయి పెళ్ళి ఆపడానికి మేం నలుగురం టీచర్లం ఆ ముందేడు వాళ్ళ ఊరెళ్ళి ఓడిపోయి వచ్చాం.

ఆ సంగతి రాయాలనుకున్నాను. చెయ్యి ఆగింది. నూరేళ్ళుగా అశ్లీలం అశ్లీలం అని కొట్టిన పుస్తకం ఇది. ఇప్పుడు నేనూ 'ఇక్కడ నాకు ఇబ్బందిగా ఉంది' అంటే వీరేశలింగం పక్కన నిలబడినట్టవుతుందేమోనని భయం. ఆమె మన పూర్వీకురాలు, మన ధైర్యం. ఆమెలో లోపం చూపించకూడదు. అలా అనుకుని ఇళ వయసు గురించి ఒక్క వాక్యం రాయకుండా, రాధ కోరిక గురించి నలభై పేజీలు రాశాను.

ఇప్పుడు చదివితే తెలుస్తోంది, ఆ కావ్యంలో అసలు బలం అక్కడే ఉంది. రాధ స్వేచ్ఛ ఇంకో ఆడపిల్ల మీదుగా నడుస్తుంది. ఇళని అలంకరించి పంపేది రాధే. ఇళ మీద అసూయతో మండిపోయేదీ రాధే. పెద్దవాడైన మగవాడి చేతికి పిల్లని అప్పగించే పని ఇంట్లో పెద్ద ఆడదాని మీద పడడం మనకి తెలియని సంగతి కాదు. ముద్దుపళని ఆ పనిలోని ముచ్చటనీ మంటనీ రెండిటినీ చూసింది. దాన్ని ప్రశ్నించిందని నేను అనను, ఆ కాలపు కావ్య మర్యాదలో ఇళ వయసు ఆమెకి ప్రశ్న కాదు. నాకు ప్రశ్న. ఈ తేడాని రాయడమే విమర్శకురాలి పని. నేను దాటవేశాను.

*

రెండోది బయట జరిగింది. చివరి అధ్యాయానికి 'క్షేత్ర పర్యటన' ఉంటే బాగుంటుందని మా గైడుగారు సలహా ఇచ్చారు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు పెళ్ళిళ్ళకి బోగంమేళాలు వచ్చేవి. ఆ కుటుంబాల్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే మాట్లాడాలనుకున్నాను. వరంగల్‌కి గంటన్నర బస్సు దూరంలో ఒక ఊళ్ళో ఒక ముసలామె ఉందని తెలిసింది. టేపు రికార్డరు, నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను. దారిపొడుగునా నాకు ఏమీ ఇబ్బంది లేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. పుస్తకం చదవడానికి సిగ్గుపడిన నేను, మనిషిని అడగడానికి సిగ్గుపడలేదు.

ఆమె చాయ్ ఇచ్చింది. ఏ ఊరు బిడ్డా అని అడిగింది. చెప్పాను. ఎవరింటోళ్ళు అని అడిగింది. చెప్పాను. కాసేపు నా మొహం చూసింది.

"ఆ ఇంటికి మా అమ్మ మేళానికి పోయేది," అంది. "మీ తాత పెండ్లికి మూడు రోజులున్నది. నేను గప్పుడు సంకల పిల్లను."

మా నాయనమ్మ చెప్పిన పెళ్ళి ముచ్చట్లలో ఆ మేళం ఉంది. గొప్పగా చెప్పేది. మేళం వచ్చిందంటే ఇంటి హోదా అది. ఆ మేళంలో ఒక మనిషి ఉందనీ, ఆమెకో బిడ్డ ఉందనీ నేను ఎప్పుడూ అనుకోలేదు.

నేను టేపు రికార్డరు తీశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "రాసుకుంటే నీకు డిగ్రీ అస్తది. మా మనుమరాలు హైదరాబాదుల నౌకరి చేస్తాంది. గీ పేరు బయటవడ్డంక దానికి సంబంధం అస్తదా?" పేర్లు రాయనని చెప్పాను. ఊరి పేరు కూడా మారుస్తానని చెప్పాను. ఆమె నవ్వింది. "మా పేర్లు మారుస్తవు. సరే. మా అమ్మను పిలిపించినోళ్ళ పేర్లు రాస్తవా? మీ తాత పేరు రాస్తవా?"

నేను జవాబు చెప్పలేదు. రికార్డరు బ్యాగులో పెట్టుకున్నాను. ఆమె బస్సు టైము చెప్పి, ఎండలో పోవద్దని, నీడకి కూర్చోమంది.

తిరుగు బస్సులో క్రీడాభిరామం గుర్తొచ్చింది. ఇద్దరు మగవాళ్ళు వీధిలో నడుస్తూ ఆడవాళ్ళని చూస్తారు. చూసేవాళ్ళకి పేర్లున్నాయి, కులం ఉంది, స్నేహం ఉంది. అయినా సాంఘిక చరిత్ర కావలసినవాళ్ళం మనం ఆ వీధిలో ఆడవాళ్ళ గురించే అడుగుతాం. నేను కూడా అదే పని మీద బయల్దేరాను. మేళం ఆడినవాళ్ళ గురించి క్షేత్ర పర్యటన ఉంటుంది. మేళం ఆడించినవాళ్ళ ఇల్లు క్షేత్రం కాదు. అది మా ఇల్లు.

*

ఇంటికొచ్చి ఆ అధ్యాయం మానేశాను. 'సమాచారం లభ్యం కాలేదు' అని ఒక వాక్యం రాశాను. 2008లో వైవా అయింది. పట్టా వచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత, 2019లో, ఇల్లు మారుతూ సర్దుతుంటే నా పాత సినాప్సిస్ దొరికింది. మొదటి పేజీలో ముద్దుపళనిని పరిచయం చేస్తూ రాసుకున్నాను: 'తంజావూరు ఆస్థాన కవయిత్రి'. అంతే. వేశ్య అన్న మాట లేదు, దేవదాసి అన్న మాట లేదు, తంజనాయకి మనుమరాలు అన్న సంగతి లేదు. థీసిస్ తిరగేశాను. మొత్తం మీద ఆమె కులం గురించి ఒకే ఒక్క చోట ఉంది, అదీ వీరేశలింగం అభిప్రాయం చెప్పేటప్పుడు, ఆయన నోట. నా నోట ఎక్కడా లేదు.

1887 నాటి ప్రతి తీసేసింది సరిగ్గా అదే. పద్యాలు కొన్ని వదిలారు, మనిషిని తీసేశారు. వాళ్ళని తప్పుపడుతూ నేను పదిహేను పేజీలు రాశాను. నేనైతే పద్యాలన్నీ ఉంచి, మనిషిని తీసేశాను. గౌరవించాననుకున్నాను. వేశ్య అంటే తక్కువ చేసినట్టు అవుతుందనుకున్నాను. అంటే ఆ మాట తక్కువదే అని నేను ఒప్పుకున్నట్టే కదా. నాగరత్నమ్మ తమ కులంలో పుట్టినామె రాసింది కాబట్టే అచ్చు వేస్తున్నానని తలెత్తి చెప్పింది. నూరేళ్ళ తర్వాత స్త్రీవాదినైన నేను ఆ కారణాన్నే మూసిపెట్టాను.

ఎందుకిలా అని ఆలోచిస్తే జవాబు పుస్తకంలో కాదు, నా చదువులో ఉంది. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించారు. అదే వీరేశలింగం సానివాళ్ళ మేజువాణీల మీద యుద్ధం చేశారు. ఇవి వేరు వేరు పనులు కావు. చదువుకున్న ఇల్లాలిని తయారుచేయాలంటే ఆమె ఎవరిలా ఉండకూడదో కూడా చూపించాలి. చదవడం, పాడడం, పద్యం చెప్పడం అప్పటిదాకా ఎక్కువగా వాళ్ళ విద్యలు. ఆ విద్యని వాళ్ళ నుంచి విడదీసి నా లాంటి ఇళ్ళకి తెచ్చారు. నా డాక్టరేటు ఆ దారిలో వచ్చిందే. డీటీపీ సెంటర్లో నా గొంతు నొక్కిన భయం ఆ మాట అంటే పాపమనే భయం కాదు. నన్నెవరైనా 'అలాంటిది' అనుకుంటారేమో అన్న భయం. ఆ 'అలాంటిది' ఎవరు? ముద్దుపళనే. నాకు చాయ్ ఇచ్చిన ముసలామే.

ఇందులో తేలికైన తీర్పు లేదు. ముద్దుపళని పుస్తకం మీద నిషేధం పోయిన 1947లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో దేవదాసీగా అర్పించడాన్ని నిషేధించే చట్టమూ వచ్చింది. ఆ చట్టం కోసం పోరాడినవాళ్ళలో దేవదాసీ తల్లికి పుట్టిన ముత్తులక్ష్మిరెడ్డి ఉన్నారు. వద్దన్న దేవదాసీలూ ఉన్నారు, నాగరత్నమ్మ వాళ్ళతో ఉంది. అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్న వరంగల్‌కి ఆ చట్టం రాలేదు. మన రాష్ట్రానికి 1988లో వేరే చట్టం వచ్చింది. చట్టం రాకముందే ఆ కుటుంబాలు మేళాలు మానుకున్నాయి, పేర్లు మార్చుకున్నాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. ఇప్పుడు నేను వెళ్ళి, మీ గతం ఎంత గొప్పదో, మీ పూర్వీకురాలు ఎంత ధైర్యవంతురాలో రాస్తానంటే వాళ్ళకి ఒరిగేదేమిటి? నా టేబుల్ మీద విముక్తి అనిపించే మాట, వాళ్ళ వాకిట్లో మళ్ళీ అదే పేరుతో పిలిచినట్టు వినిపించవచ్చు.

*

ఇప్పుడు నా దగ్గరికి పరిశోధనకి వచ్చే అమ్మాయిలున్నారు. ఒకమ్మాయి బహిష్టు గురించి, ఇంకొకమ్మాయి జోగినుల గురించి పనిచేస్తోంది. ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "మేడం, నాకు ఎట్లనో అనిపిస్తుంది" అంటారు. నాకు ఎవరూ చెప్పనిది వాళ్ళకి చెబుతున్నాను. ఎట్లనో అనిపించిన చోట తారీఖు వేసి రాసిపెట్టుకోండి. అధ్యాయంలోకి తర్వాత వస్తుందో రాదో గానీ ముందు రాసిపెట్టండి. ఎందుకంటే ఆ 'ఎట్లనో' ఒకటి కాదు.

నలుగురు ఏమనుకుంటారో అన్నది ఒకటి. దాన్ని దాటాలి, చీటీ చింపేసి మాట పైకి చెప్పాలి. పుస్తకంలో నిజంగా ఒకరికి అన్యాయం జరుగుతుంటే కలిగేది రెండోది. దాన్ని దాటకూడదు, మన పూర్వీకురాలి పుస్తకమైనా సరే, అక్కడ ఆగి రాయాలి. ఎదుటి మనిషి బతుకు మన రాతవల్ల చెడుతుందేమో అన్నది మూడోది. దానికి లోబడాలి, అధ్యాయం పోతే పోనీ. నేను మూడింటినీ ఒకే సిగ్గు అనుకుని ఒకే చీటీలో చుట్టేశాను. దాటాల్సిన చోట ఆగాను. ఆగాల్సిన చోట దాటేశాను. ఆమె ఇంటి నుంచి తిరిగొచ్చి అధ్యాయం మానేసింది కూడా ఆమె కోసమేనని అప్పుడు అనుకున్నాను. సగం మా తాత కోసం.

పోయినేడు ఎం.ఏ. క్లాసులో రాధికాసాంత్వనం పాఠం చెబుతూ, ముద్దుపళని వేశ్య అని, తంజనాయకి మనుమరాలు అని ముందు చెప్పి, పద్యం పైకి చదివాను. ఆనాడు రాసిచ్చిన మాట ఆ పద్యంలోనే ఉంది. గొంతు కొంచెం వణికింది. వెనక బెంచీలో ఒకబ్బాయి నవ్వాడు. ముందు బెంచీలో అమ్మాయి తలెత్తకుండా అర్థం రాసుకుంది. పద్యం పూర్తిచేసి, ఇళ వయసెంతో చూడమని అడిగాను. ఎవరూ నవ్వలేదు.

ఆ ముసలామె ఇప్పుడు లేదు. ఆమె ఊరి పేరు ఇక్కడ రాయలేదు, ఆమెకి మాటిచ్చాను. మా తాత పేరు కూడా రాయలేదు. దానికి మాత్రం ఎవరికీ మాటివ్వలేదు.